పసుపు చల్లిన శనివారాలు

బలం కోసం వెళ్లిన చోటే నాకు జబ్బు పట్టుకుంది. ఈ మాట ఎవరికి చెప్పినా నవ్వుతారు. ఇప్పుడు నాకూ నవ్వే వస్తుంది. అప్పుడు మాత్రం దగ్గు వచ్చేది.

ఆ చోటు బోర్డు మీద వ్యాయామశాల అని ఉండేది కానీ ఆర్మూరులో ఎవరూ దాన్ని అలా పిలవలేదు. తాలీం అనేవాళ్లు. మార్కెట్ వెనక ఉన్న పాత పసుపు గోదాము అది. సావుకారి కొత్త గోదాము కట్టుకున్నాక పాతదాన్ని పంచాయితీకి వదిలేశాడు, పంచాయితీ దాన్ని ఊరి కుర్రాళ్లకు వదిలేసింది. ఎవరైనా రావచ్చు, ఎవరినీ అడగక్కర్లేదు. గోదాము కనక కిటికీలు లేవు, కప్పు కింద చిన్న జాలీలు మాత్రం ఉండేవి. మధ్యలో ఎర్రమట్టి పోసిన కుస్తీ గోదా. ఒక పక్క పాత ఎడ్లబండి ఇరుసు, దాని రెండు చివరలా నూనె డబ్బాల్లో సిమెంటు పోసి బిగించిన బరువు. ఇంకో పక్క వెల్లకిలా పడుకుని ఎత్తడానికి ఒక కట్టె బల్ల. తలుపు దగ్గర నీళ్ల గోలెం, దాని మూత మీద అందరికీ కలిపి ఒక ఇత్తడి చెంబు. మా సామాను అంతే. అయినా అందులోంచి బయటికొచ్చిన ప్రతివాడూ చేతులు ఒంటికి ఆనకుండా, చంకల్లో కొబ్బరికాయలు పెట్టుకున్నట్టు నడిచేవాడు. చేరిన వారానికే నేనూ అలా నడిచాను.

నేను చేరడానికి కారణం మా అన్న. అవి ఎనభైల చివరి రోజులు. మా వీధిలో మగ్గాలు ఆగిపోయి చాలాకాలమైంది. ఆడవాళ్లు బీడీలు చుట్టేవాళ్లు, మగవాళ్లు మస్కట్టో దుబాయో పోయేవాళ్లు. మా అన్న మస్కట్లో ఉండేవాడు. ఉత్తరం రాయడానికి వాడికి బద్ధకం. ఊరికొచ్చేవాళ్ల చేతిలో క్యాసెట్ పెట్టి పంపేవాడు. అమ్మ బీడీల చాట ఒళ్లో పెట్టుకుని టేప్ రికార్డరు ముందు కూర్చుని, అన్న అడిగిన ప్రతి ప్రశ్నకూ జవాబు చెప్పేది, వాడు అవతల వింటున్నట్టే. అలాంటి ఒక క్యాసెట్లో అన్న నా సంగతి తెచ్చాడు. నాకు వీసా చూస్తున్నాడట, కానీ ముందు బొంబాయిలో మెడికల్ పాస్ కావాలట.

"ఛాతీ ఫొటో తీస్తర్రా తమ్మీ. బక్కగున్నోళ్లకు ఫొటోల మచ్చ పడ్తదంటున్నరు ఇక్కడ. వీసా వచ్చేలోపల జర పెయ్యి పెంచు."

ఈ మాట మా ఇంట్లో ఎవరికీ వింతగా అనిపించలేదు. మచ్చ అంటే ఏమిటో మా వీధికి బాగా తెలుసు. వీధి చివరింటి పెద్దకొడుకు బొంబాయి దాకా పోయి, ఊపిరితిత్తి మీద మచ్చ ఉందని అన్‌ఫిట్ అయి తిరిగొచ్చాడు. వాడికి ఉన్నది ఏ జబ్బో, అసలు జబ్బుందో లేదో ఎవరికీ సరిగా తెలియదు. అయినా వాడు మంచినీళ్లు తాగిన గ్లాసును జనం వేరే కడిగేవాళ్లు. కుదిరిన సంబంధం వెనక్కిపోయింది. వాడు నిజంగానే బక్కగా ఉండేవాడు. నేను వాడికంటే బక్క. ఇంటర్ తప్పి ఇంట్లో కూర్చున్నవాడికి ఇంకో దారి కూడా లేదు. మచ్చ పడకుండా ఉండాలంటే ఛాతీ మీద కండ ఉండాలి, కండ కావాలంటే తాలీం. లెక్క చాలా సులువుగా కనిపించింది.

తాలీంను నడిపేది ఉస్తాదు. మార్కెట్లో పసుపు బస్తాలు మోసిన హమాలీ ఆయన. నడుము పట్టేశాక బస్తాలు వదిలి తాలీం పట్టుకున్నాడు. పొట్టిగా, వెడల్పుగా ఉండేవాడు. ఆయన మాట కంటే ముందు ఆయన గొంతులోంచి ఒక గరగర వచ్చేది. అది వినపడగానే మేం లేచి నిలబడేవాళ్లం. అది ఆయన గొంతు తీరేమో అనుకున్నాం, అంతకుమించి దాని గురించి ఎవరూ ఆలోచించలేదు. మొదటిరోజు ఆయన నా ఛాతీ మీద రెండు వేళ్లతో తట్టి, ఖాళీ డబ్బా తట్టినవాడిలా మొహం పెట్టి, ఫికర్ చేయకు అన్నాడు. దండీలు తీసేటప్పుడు గాలి గట్టిగా, ముక్కుతో, పొట్ట అడుగు దాకా పీల్చాలని ఒకటికి పదిసార్లు చెప్పాడు. ఎంత గాలి లోపలికి పోతే అంత ఛాతీ పెరుగుతుందని ఆయన సిద్ధాంతం.

చేరి పదిహేను రోజులు కాకముందే మొదటి జలుబు. తర్వాత జ్వరం. తర్వాత దగ్గు. తగ్గిందనుకుని మళ్లీ తాలీంకు పోతే మళ్లీ అదే వరస. ఇదివరకు నాకు ఏడాదికోసారి కూడా జ్వరం వచ్చేది కాదు. పైగా ఇప్పుడు రెండు గుడ్లు, గ్లాసు పాలు, నానబెట్టిన శనగలు తింటున్నాను. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అలా ఉంది నా పని. దండచెయ్యి ఒక అంగుళం లావైతే మనిషి రెండు అంగుళాలు చిక్కాడు.

ఎవరి కారణం వాళ్లు చెప్పారు. పెరుగుతున్న ఒంటికి దిష్టి తగిలిందని అమ్మ ఉప్పూ మిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. చెమట ఆరకముందే స్నానం చేస్తున్నానని పక్కింటి పెద్దమ్మ అంది. మా వీధి ఆర్ఎంపీ డాక్టరు మాత్రం నాకు మర్యాదగా కుర్చీ వేసి, క్రిముల గురించి చెప్పాడు. పదిమంది చెమట ఒకే బల్ల మీద పడుతుంది, పదిమంది ఒకే తువాలుతో మొహం తుడుచుకుంటారు, పదిమంది ఒకే చెంబుతో తాగుతారు, ఇంక జబ్బు ఎందుకు రాదు అన్నాడు.

"నీ తువాల నీకు, నీ గిలాస నీకు. చేతులు సబ్బుతోని కడుగు. గంతే, దెబ్బకు పోతది."

ఆయన మాట నాకు బాగా నచ్చింది. చదువుకున్నవాడికి తగిన మాట అనిపించింది. మర్నాడే సొంత తువాలు, సొంత స్టీలు గ్లాసు, ఒక సబ్బు బిళ్ల పట్టుకుని తాలీంకు పోయాను. బల్ల మీద పడుకోబోయే ముందు దాన్ని తుడిచాను. ఇరుసు పట్టుకుని దించాక చేతులు కడిగాను. ఇవన్నీ ఉస్తాదు చూస్తూనే ఉన్నాడు. నేను గోలెం దగ్గరికెళ్లి నా గ్లాసు తీసినప్పుడు మాత్రం ఆయన గొంతు గరగరలాడింది.

"గీ చెంబు నీళ్లు తాగినోళ్లందరు ఒక్క తల్లి పిల్లలు బిడ్డా. ఇంట్ల అన్నదమ్ములకు గిలాసలు వేరే పెడ్తమా?"

తిట్టినా బాగుండేది. ఆ తాలీంలో పెర్కిట్ రైతుల పిల్లలు, మా బీడీల వీధి పిల్లలు, మార్కెట్ హమాలీల పిల్లలు, తురక పిల్లలు అందరూ ఆ ఒక్క చెంబు ఎత్తి తాగేవాళ్లు. బయట ఏ హోటల్లోనూ అలా కూర్చుని తాగని వాళ్లు. అది ఉస్తాదు పెట్టిన పద్ధతి, ఆయనకు దానిమీద గర్వం. నాకు సిగ్గేసింది, కానీ మచ్చ గుర్తొచ్చింది. డాక్టరు చెప్పిండు ఉస్తాద్, నాకు మెడికల్ ఉన్నది అని గొణిగాను. ఆయన తలూపాడు. ఆ రోజు నుంచి నా గ్లాసు గోలెం పక్క గట్టు మీద ఒంటరిగా ఉండేది.

గ్లాసు, తువాలు, సబ్బు ఏవీ పనిచేయలేదు. దగ్గు ఇంకా లోతుకు దిగింది. నాకు డాక్టరు మీద కోపం వచ్చింది, సబ్బు మీద కోపం వచ్చింది, చివరికి శనగల మీద కూడా కోపం వచ్చింది. అప్పుడు ఉస్తాదుకు నా మీద జాలి కలిగి, తాలీంలో ఎంతో కాలం ఉన్నవాళ్లకు తప్ప దొరకని పని నాకిచ్చాడు. పసుపు చల్లే పని.

దీని గురించి కొంచెం చెప్పాలి. ఏ ఊరి తాలీంలోనైనా గోదా మట్టిలో ఇంత నూనె, ఇంత మజ్జిగ, చిటికెడు పసుపు కలుపుతారు, గాయమైతే చీము పట్టకుండా. మాది ఆర్మూరు కనక చిటికెడుతో ఊరుకోలేదు. మా ఊళ్లో ఉడకబెట్టి ఎండబోసిన పసుపు కొమ్ముల్ని డ్రమ్ములో వేసి తిప్పి పాలిష్ పడతారు. అప్పుడు పైపొట్టు, వేళ్లు, అంటుకున్న మట్టి, కొంత పసుపు అన్నీ పొడై డ్రమ్ము కింద రాలతాయి. పొలం దిబ్బకు తప్ప పనికిరాని ఆ పొడిని ఒక సావుకారి బస్తాలకెత్తి తాలీంకు పంపేవాడు, గుడికి పంపినంత భక్తిగా. శనివారం పొద్దున ఆంజనేయస్వామి పటానికి కొబ్బరికాయ కొట్టి, ఆ పొడిని గోదా మీద, బల్ల మీద, ఇరుసు మీద, నేలంతా చల్లేవాళ్లం. తర్వాత తలుపు దగ్గరగా వేసి సాముకు దిగేవాళ్లం. పదిమంది కాళ్ల కింద అది లేచి, జాలీల్లోంచి పడే వెలుతురంతా పచ్చగా తిరిగేది. దాన్ని చూస్తే నాకు పుణ్యస్థలంలో ఉన్నట్టు ఉండేది. ఆ గాలినే ఉస్తాదు చెప్పినట్టు ముక్కుతో, పొట్ట అడుగు దాకా పీల్చేవాణ్ని.

"పసుపున్న కాడ రోగం ఉండదు. నీకు తాకుతలేదు గంతే. నీ చేత్తోని నువ్వే చల్లు, ఎక్కువ తాకుతది," అన్నాడు ఉస్తాదు.

నేను కూడా అలాగే అనుకున్నాను. అప్పటి ఆర్మూరులో ఇంకోలా అనుకునే మనిషి ఉన్నాడని నేననుకోను. బాలింతకు పసుపు, పుండుకు పసుపు, గడపకు పసుపు, జ్వరానికి పసుపు పాలు. సీజన్లో వేల్పూరు వైపు నుంచి బండ్లు దిగితే ఊరి గాలే పసుపు. కాబట్టి రెండు చేతులా పొడి ఎత్తి, దోసిళ్లతో, భక్తిగా చల్లాను. ఆ వారం జ్వరం కూడా వచ్చింది. ఉస్తాదు ఆలోచించి, వచ్చే శనివారం రెండో బస్తా కూడా విప్పమన్నాడు.

అంతలో తాలీంలో ఒక మార్పు వచ్చింది. నా గ్లాసు పక్కన ఇంకో గ్లాసు కనిపించింది. తర్వాత ఒక ప్లాస్టిక్ లోటా. కొన్నాళ్లకు గట్టు మీద వరసగా గ్లాసులు, ఒక్కొక్కదానికి ఒక్కో రంగు దారం కట్టి. నాకు లోపల ఎంత గర్వమో. నా ఆరోగ్య సూత్రాలు నలుగురికీ ఎక్కాయి అనుకున్నాను. ఒకరోజు సాము అయ్యాక అందర్నీ కూర్చోబెట్టి క్రిముల గురించి నాలుగు ముక్కలు కూడా చెప్పాను. అందరూ బుద్ధిగా విన్నారు, ఒక్కడు కూడా నా దగ్గరగా కూర్చోలేదు. అది మర్యాద అనుకున్నాను.

తోమడానికి ఇంటికి తీసుకెళ్లిన నా గ్లాసును ఒక పొద్దున అక్కడే మరిచిపోయాను. నాతో పాటు ఇరుసు ఎత్తే జోడీ ఒకడుండేవాడు, పెర్కిట్ రైతు కొడుకు, నేను బరువు కింద పడకుండా ఎప్పుడూ తల దగ్గర నిలబడేవాడు. చనువు కొద్దీ వాడి గ్లాసు తీసుకున్నాను. వాడు నా చేతిలోంచి మెల్లగా లాక్కున్నాడు. మొహం చూడలేదు.

"గిది నాది భయ్. నువ్వు చెంబుతోని తాగు. అది నీకే ఇడిచిపెట్టినం."

కాసేపు నాకు అర్థం కాలేదు. చెంబు అందరిది కదా, నాకు విడిచిపెట్టడమేమిటి? తర్వాత గట్టు మీద గ్లాసుల వరస చూశాను. ఆ చెంబుతో నేనే కాదు, ఎవరూ తాగడం లేదని, ఎన్నాళ్ల నుంచో తాగడం లేదని అప్పుడు తెలిసింది. వాళ్ల నుంచి నాకు జబ్బు అంటుతోందని నేను గ్లాసు తెచ్చుకున్నాను. నా నుంచి వాళ్లకు అంటుతుందని వాళ్లు తెచ్చుకున్నారు. ఎవరి నుంచి ఎవరికి అంటుతోంది? నాకు మతి పోయింది. ఇంటికొస్తూ దారిలో వీధి చివరింటి వాణ్ని చూశాను. వాడు నన్ను చూసి, మొదటిసారి, తోటివాణ్ని చూసినట్టు పలకరింపుగా తలూపాడు. ఆ తలూపు నన్ను భయపెట్టినంతగా ఏ జ్వరమూ భయపెట్టలేదు. నాకు ఆ మచ్చ ఇప్పటికే పడిపోయిందేమో అనిపించింది.

ఉస్తాదుకు సంగతి ఎవరు చెప్పారో తెలియదు. మర్నాడు సాము మధ్యలో నేను నా గ్లాసుతో నీళ్లు తాగుతుంటే, ఆయన వచ్చి నా చేతిలోని సగం తాగిన గ్లాసు తీసుకున్నాడు. అందరూ చూస్తుండగా మిగిలిన నీళ్లు గటగటా తాగి, మీసాలు తుడుచుకున్నాడు.

"ఇంక ఎవనికన్న ఏమన్న ఉన్నదా?"

మా నాన్న నాకు ఊహ తెలియకముందే పోయాడు. నాకోసం పదిమంది ముందు అలా నిలబడిన మనిషి అంతకుముందు లేడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, పసుపు పడిందని తుడుచుకున్నాను. అయినా గట్టు మీద గ్లాసులు కదల్లేదు. అందరూ వెళ్లాక ఉస్తాదు నా భుజం మీద చెయ్యేసి, దగ్గు తగ్గిందాక కొన్ని దినాలు ఇంటిపట్టున ఉండు బిడ్డా అన్నాడు. నా ఎంగిలి తాగిన నోటితోనే నన్ను రావద్దన్నాడు. దానికి సంతోషపడాలో ఏడవాలో తెలియక, తలూపి వచ్చేశాను.

ఇంట్లో కూర్చున్నాను. ఇల్లంటే బీడీల ఇల్లు. చాటల నిండా తంబాకు, గాలి నిండా తంబాకు ఘాటు, కొత్తవాళ్లు గడప దాటితే తుమ్ముతారు. బాగుపడటానికి ఇంతకంటే చెడ్డ చోటు ఉండదు అనుకున్నాను. తీరా చూస్తే పదిరోజుల్లో నా దగ్గు పోయింది. ఆకలి వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం లేదు. దిష్టి ఇప్పటికి దిగిందని అమ్మ అంది. నాకు సంతోషం కంటే అయోమయం ఎక్కువైంది. వ్యాయామం చేస్తే జబ్బు, తంబాకు మధ్య కూర్చుంటే ఆరోగ్యం. ఇదెక్కడి న్యాయం?

అప్పుడే ఉస్తాదు దొంకేశ్వర్‌లో ఉన్న కూతురి దగ్గరికి పోయాడు, కాన్పుకు. ఆయన లేకపోతే తాలీంలో పూజ లేదు, పద్ధతి లేదు. వచ్చినవాళ్లు వచ్చినట్టు సాము చేసి పోతున్నారని విని నేనూ పోయాను. ఎవరూ లేని వేళ చూసుకుని పోయేవాణ్ని, తలుపు బార్లా తీసుకుని, నా ఇష్టం వచ్చినట్టు సాము చేసేవాణ్ని. కోపం కొద్దీ డాక్టరు వద్దన్నవన్నీ చేశాను. చెంబుతోనే తాగాను. ఎవరిదో తువాలు దండెం మీద ఉంటే దానితోనే మొహం తుడుచుకున్నాను. సబ్బు ముట్టుకోలేదు. ఏమైతే అదే అవుతుందనుకున్నాను. ఏమీ కాలేదు. ఒక్క తుమ్ము కూడా లేదు.

ఉస్తాదు తిరిగొచ్చాడు. శనివారం కొబ్బరికాయ కొట్టి, బస్తా విప్పి నాకిచ్చాడు. ఆదివారం పొద్దున్నే నేను దగ్గుతూ లేచాను.

నా బుర్రకు ముందు తట్టింది ఏమిటో చెబితే మీరు తిడతారు. ఉస్తాదు రాకే నాకు పడటం లేదేమో అనుకున్నాను. కొందరు మనుషులు కొందరికి అచ్చిరారని అమ్మ ఎప్పుడూ అనేది. నా ఎంగిలి తాగిన మనిషి నాకు అచ్చిరాని మనిషా అని రెండు రోజులు కుమిలాను. తర్వాత శనివారం ఆయన నాతో మాట్లాడుతూ బస్తా నోరు విప్పాడు. పొడి ఎగిరి నా మొహం మీద పడింది. అక్కడికక్కడే దగ్గు తెర. నేను చేతిలోని పొడిని చూశాను, ఆయన్ని చూశాను. తప్పు ఆయనది కాదని తెలిసి ముందు ప్రాణం తేలికపడింది. తప్పు దేనిదో తోచగానే ఆ తేలిక పోయింది.

నమ్మడానికి నాకే మనసు రాలేదు. అమ్మ ఇచ్చే పసుపు పాలు తాగితే గొంతు హాయిగా ఉంటుంది. తాగితే మందు అయ్యేది పీలిస్తే జబ్బు ఎలా అవుతుంది? డ్రమ్ము కింద రాలింది పసుపా, మట్టా? పసుపు అంటుకున్న మట్టి పసుపే కదా, అందుకే కదా దాన్ని కళ్లకద్దుకుంటున్నాం. నా వాదనకు నేనే జవాబు చెప్పుకోలేకపోయాను. ఆ తర్వాతి శనివారం ముక్కుకు తువాలు కట్టుకుని బస్తా దగ్గరికి పోయాను. ఉస్తాదు ఆ తువాలు కిందికి లాగాడు. కోపంగా కాదు, బొట్టు చెరిపినవాణ్ని చూసినట్టు చూశాడు. పసుపుకు మొహం చాటేస్తామా అన్నాడు. అప్పుడు ఆగలేక, పసుపు చల్లిన రోజే నాకు దగ్గు వస్తోందని మెల్లగా చెప్పేశాను.

ఆయన గొంతు గరగరలాడింది, సవరించుకున్నాడు, మళ్లీ గరగరలాడింది.

"నా పెయ్యంత పసుపే బిడ్డా. బస్తాలు మోసిన దినాలల్ల నా చెమట గూడ పచ్చగ వచ్చేది. పసుపు చేటు చేస్తదంటే, నేనెట్ల బతికిన్న?"

ఆ గరగర ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. జవాబు ఆయన గొంతులోనే ఉంది. నా నోట మాత్రం రాలేదు. పైగా నాకే సగం నమ్మకం లేని మాట. నా భ్రమేమో ఉస్తాద్ అన్నాను. ఆయన ఊపిరి పీల్చుకున్నాడు.

ఆ తర్వాత నేను శనివారాలు తప్పించుకోవడం నేర్చుకున్నాను. మెడికల్లో పరుగు కూడా పెడతారట అని ఒక అబద్ధం చెప్పి, పొద్దున్నే సిద్ధుల గుట్టకు పోయేవాణ్ని. ఆ నల్లరాళ్ల మధ్య ఎక్కడం, దిగడం, సాపు బండ మీద దండీలు తీయడం. తాలీంకు వారం మధ్యలో, పొడి అణిగాక, తలుపు తీసి ఉన్నప్పుడు మాత్రం పోయేవాణ్ని. దగ్గు మెల్లగా పోయింది. కానీ లోపల ఏముందో నాకేం తెలుసు? పోయింది దగ్గా, మచ్చా, రెండూనా? వీసా వచ్చిందని క్యాసెట్ వచ్చేదాకా ఇదే ఆలోచన.

బొంబాయి బస్సులో అన్ని గంటలూ నేను గాలి పీల్చి వదులుతూనే ఉన్నాను, ఎక్కడైనా పట్టేస్తుందేమోనని. అక్కడ ఒక చల్లటి పలకకు ఛాతీ ఆనించి నిలబెట్టారు. అద్దం వెనకనుంచి ఒకాయన, సాన్స్ రోకో అన్నాడు. పొట్ట అడుగు దాకా పీల్చి, బిగబట్టాను. ఉస్తాదు నేర్పింది అదొక్కటే అక్కడ పనికొచ్చింది. దగ్గు రాలేదు. సాయంత్రం నా పేరు పిలిచి ఫిట్ అన్నారు. నేను నమ్మక రెండోసారి అడిగాను, పేరు పిలిచినాయన విసుక్కున్నాడు. కండ వల్ల గట్టెక్కానో, అసలు మొదటినుంచీ మచ్చ లేనే లేదో, నాకు ఇవాళ్టికీ తెలియదు.

ఊరికి తిరిగొచ్చేసరికి వార్త నాకంటే ముందే చేరింది. తాలీంకు పోతే గట్టు మీద ఒక్క గ్లాసు లేదు. నా స్టీలు గ్లాసు కూడా లేదు. పెర్కిట్ జోడీ గోలెంలో చెంబు ముంచి, తను ముందు తాగి, నాకు అందించాడు. ఏమీ జరగనట్టే. నేనూ ఏమీ జరగనట్టే తాగాను. ఉస్తాదు మాత్రం ఒకచోట నిలవలేకపోయాడు. కనపడిన ప్రతివాడికీ నా ఛాతీ తట్టి చూపించి, చావుకు పోయే పోరణ్ని పసుపు నిలబెట్టింది అని చెప్పాడు. అందరూ అవునన్నారు. నేను ఎవరిని కాదనగలను?

ఆ రోజు శనివారమే. మస్కట్ పోయేలోగా నాకు అదే చివరి శనివారం. కొబ్బరికాయ కొట్టాక ఉస్తాదు కొత్త బస్తా తెచ్చి నా ముందు పెట్టాడు.

"నిన్ను బతికిచ్చింది గిదే. పోయే ముంగట నీ చేత్తోని చల్లిపో."

తువాలు నా భుజం మీదే ఉంది. దాన్ని ముక్కుకు కట్టుకుంటే నా ఊపిరి నాకు దక్కుతుంది. కానీ నా ఎంగిలి గ్లాసు ఎత్తి తాగినప్పుడు ఆ మనిషి తన ఊపిరి గురించి ఆలోచించలేదు. నేను తలుపు దగ్గరికెళ్లి, బయటి గాలి పొట్ట అడుగు దాకా పీల్చి, బొంబాయిలో బిగబట్టినట్టు బిగబట్టి, బస్తాలో చేతులు పెట్టాను. గోదా మీద చల్లాను, బల్ల మీద చల్లాను, ఇరుసు మీద చల్లాను. ఉస్తాదు నా వెంటే నడుస్తున్నాడు, పెళ్లికొడుకు వెంట నడిచే మేనమామలా. చివరి మూలకు వచ్చేసరికి ఊపిరి చాలలేదు. పీల్చాను. దగ్గు తెర వచ్చి వంగిపోయాను.

ఉస్తాదు నా వీపు మీద చెయ్యి వేసి రాశాడు.

"రానియ్యి బిడ్డా, రానియ్యి. లోపల మిగిలింది గూడ పోతున్నది."

ఆ మాట పూర్తికాకుండానే ఆయనకూ దగ్గు తెర వచ్చింది. నాదాని కంటే పెద్దది, ఎంతకీ ఆగనిది. నేను ఆయన్ని పట్టుకుని గోలెం దగ్గరికి తీసుకెళ్లి, చెంబు ముంచి ఇచ్చాను. ఆయన సగం తాగి, మిగిలింది నాకిచ్చాడు.